మూడేళ్లు కాదు, 12.4 చూడండి

తిరుపతిలో కారున్న ఇళ్లలో బ్యాటరీ గురించి రెండు పార్టీలున్నాయి. మొదటి పార్టీ వాళ్లు బండి మొరాయించి రోడ్డు మీద నిలబడేదాకా బ్యాటరీ జోలికి పోరు. బాగా నడుస్తున్నదాన్ని కెలకడమెందుకు అంటారు. రెండో పార్టీ వాళ్లు మూడేళ్లు నిండగానే మంచిదా చెడ్డదా అని చూడకుండా తీసేసి కొత్తది వేయిస్తారు. మా ఇంట్లోనే రెండు పార్టీలూ ఉన్నాయి. నాన్నది మొదటిది, చిత్తూరులో ఉండే మా మేనమామది రెండోది. పండక్కి అందరం కలిసినప్పుడు ఈ మాట ఎత్తితే ఇక భోజనాలు చల్లారిపోవాల్సిందే.

నా వాదన ఏమిటంటే, ఇద్దరూ బ్యాటరీని చూడకుండానే దాని గురించి మాట్లాడుతున్నారు. ఒకాయన నమ్మకం మీద, ఇంకొకాయన భయం మీద బండి నడుపుతున్నారు. మూడు నాలుగు వందలు పెడితే వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ వస్తుంది. నెలకోసారి బానెట్ ఎత్తి ఒక అంకె చూసుకుంటే, మార్చాలా వద్దా అన్నది ఆ అంకే చెబుతుంది. ఇంతకన్నా పెద్ద విద్య ఇందులో లేదు. అయినా దీనికి మన ఊళ్లో ఎందుకింత ప్రాధాన్యం అంటున్నానో కాస్త వివరంగా చెప్పాలి.

తిరుపతిలో కారు వాడకం తీరే వేరు. మామూలు రోజుల్లో పనులన్నీ స్కూటీ మీదే అయిపోతాయి. గాంధీ రోడ్డుకో తీర్థకట్ట వీధికో కారేసుకుని పోతే దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద టెన్షన్. అందుకని కారు రెండు మూడు వారాలు కవర్ కింద ఉండిపోతుంది. ఆ తర్వాత ఒక రోజు హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో చుట్టాలు దిగుతారు. రేణిగుంట స్టేషనుకు అర్ధరాత్రి వెళ్లి తీసుకురావాలి, తెల్లవారుజామునే కొండెక్కించాలి, మధ్యాహ్నం తిరుచానూరు, వీలైతే శ్రీకాళహస్తి. కారున్న తిరుపతి ఇంటికి ఈ డ్యూటీ తప్పదు. వారాల తరబడి కదలని బండి అర్ధరాత్రి ఒక్క తిప్పుకే స్టార్ట్ అవ్వాలి. బ్యాటరీకి ఇంతకన్నా కష్టమైన ఉద్యోగం ఇంకొకటి లేదు.

ఎందుకంటే కారు ఆపి తాళం వేసినా లోపల అన్నీ ఆగిపోవు. సెంట్రల్ లాక్, అలారం, గడియారం, ఇంజిన్ కంప్యూటర్ మెమరీ, ఇవన్నీ కలిసి కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. ఈ కాలం కార్లలో అది 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా ఉండటం మామూలే. మన లెక్కకు 30 అనుకుందాం. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు లాగితే దాన్ని ఒక ఆంపియర్-అవర్ అంటారు. ఆ లెక్కన రోజుకు 0.72 ఆంపియర్-అవర్ పోతుంది. మూడు వారాలకు 15. చిన్న పెట్రోలు కార్లలో ఎక్కువగా వచ్చేది 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ. అంటే ఏ లోపమూ లేని కారులో కొత్త బ్యాటరీ కూడా ఊరికే నిలబెట్టినందుకు నలభై శాతానికి పైగా ఖాళీ అవుతుంది. దీని మీద డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్ లాంటివి నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

దీనికి మన వాళ్లందరికీ తెలిసిన మందు ఒకటుంది. "వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపెయ్యి నాయనా, బ్యాటరీ బాగుంటాది." వాచ్‌మన్ నుంచి రిటైర్డ్ హెడ్‌మాస్టర్ దాకా అందరూ ఇదే చెబుతారు. ఇది సరిపోదు. వారంలో పోయేది సుమారు ఐదు ఆంపియర్-అవర్. బండి కదలకుండా ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి అది ఇవ్వగలిగింది తక్కువ. అందులోంచి ఇంజిన్ వాడకం, ఫ్యాను, లైట్లు పోగా బ్యాటరీకి పది పదిహేను ఆంపియర్లు దక్కితే ఐదు నిమిషాలకు దాదాపు ఒక ఆంపియర్-అవర్ తిరిగొస్తుంది. ఏసీ కూడా వేసుకుని కూర్చుంటే అదీ రాదు. పెట్రోలు కాలుతుంది, ఇంజిన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆపేస్తాం కాబట్టి ఆయిల్లో చెమ్మ చేరుతుంది.

అదే బండిని కొండకు తీసుకెళ్లి రండి. ఘాట్ రోడ్డులో రెండో గేరు, మూడో గేరులో ఇంజిన్ గట్టిగా తిరుగుతుంది, ఆల్టర్నేటర్ పూర్తిగా పనిచేస్తుంది. దిగేటప్పుడు కూడా గేరులోనే దిగాలి, అప్పుడూ ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. పైకీ కిందికీ కలిపి గంటకు పైగా మంచి ఛార్జింగ్. మధ్యలో ఒక మాట. పెట్రోలు మిగుల్తుందని దిగేటప్పుడు ఇంజిన్ ఆపేసేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. ఇంజిన్ ఆగితే బ్రేకు పెడల్ నాలుగు తొక్కులకే రాయిలా బిగుసుకుంటుంది, పవర్ స్టీరింగ్ పోతుంది. అంత సాహసం వద్దు సామీ. కొండకు వెళ్లే పని లేకపోతే చంద్రగిరి దాకానో కాళహస్తి రోడ్డు మీదనో అరగంట తిప్పుకురండి. అదీ కుదరనివాళ్లు ఒకటిన్నర, రెండు వేలు పెట్టి ఆటోమేటిక్ ఛార్జరు కొనుక్కుని రాత్రికి పెట్టి వదిలేయండి. నిండగానే అదే తగ్గించుకుంటుంది.

ఇక ఆ అంకె సంగతి. కారు బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి. పూర్తిగా నిండి, కొన్ని గంటలు కదపకుండా ఉంచిన బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.4 అంటే ముప్పాతిక వంతు, 12.2 అంటే సగం. 12.0 దగ్గర పావు వంతే మిగిలినట్టు. చూశారా, నిండినదానికీ దాదాపు ఖాళీ అయినదానికీ మధ్య ఒక వోల్టు తేడా కూడా లేదు. అందుకే "హారన్ మోగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, బ్యాటరీ బాగుంది" అనే పరీక్ష పనికిరాదు. హారన్‌కు కావాల్సింది నాలుగైదు ఆంపియర్లు. స్టార్టర్ మోటారు చిన్న కారులోనే క్షణంపాటు వంద దాటి లాగుతుంది.

నేను గీత గీసింది 12.4 దగ్గర. అంతకన్నా తగ్గితే వెంటనే ఛార్జ్ చేయాలి. ఎందుకంటే, బ్యాటరీ కరెంటు ఇచ్చేటప్పుడు లోపలి సీసపు పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జ్ చేస్తే అది కరిగిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే గట్టిపడి స్ఫటికాలవుతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా మొత్తం కరగదు. అంత మేరకు బ్యాటరీ శాశ్వతంగా చిన్నదైపోయినట్టే. మనం "బ్యాటరీ పాతబడింది" అనేదాంట్లో సగం వయసు కాదు, ఆకలి.

కొలిచే పద్ధతి ఇదీ. రాత్రి ఆపిన బండి దగ్గరికి పొద్దున్నే వెళ్లండి. బానెట్ తీశాక తలుపులన్నీ వేసేసి కాసేపు ఆగండి. తలుపు తీస్తే లోపలి లైటు, కంప్యూటర్ మేలుకుని అంకె తగ్గించి చూపిస్తాయి. మీటర్ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర పిన్ను ప్లస్ మీద, నల్లది మైనస్ మీద ఆనించండి. వైరు చివర ఉండే క్లాంపు మీద కాదు, దాని మధ్యలో ఉన్న సీసపు బొడిపె మీదే ఆనించాలి. అంకె రాసుకోండి. తర్వాత ఒకరిని స్టార్ట్ చేయమని చెప్పి మీరు మీటర్ మీదే కన్ను పెట్టండి. ఇంజిన్ తిరిగే ఆ క్షణంలో వోల్టేజీ దభాలున పడుతుంది. 10 పైన ఆగితే నిశ్చింతగా ఉండొచ్చు. నిండా ఛార్జ్ ఉన్నా 9.6 కిందికి పడుతోందంటే దాని రోజులు దగ్గర పడ్డట్టే. ఇంజిన్ అందుకున్నాక 13.8 నుంచి 14.5 మధ్య నిలబడాలి. 13 దగ్గరే వేలాడుతుంటే, లేదా 15 దాటుతుంటే, తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, ఆల్టర్నేటర్ను చూపించాలి. కొన్ని కొత్త కార్లలో మాత్రం కంప్యూటరే ఛార్జింగును పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. వాటిలో ఒక్కసారి చూసి తీర్పు చెప్పేయకూడదు.

ఇలా మీటర్ పెట్టి చూడనందుకే మన ఊళ్లో ఎన్ని మంచి బ్యాటరీలు పాత సామాన్లలోకి పోతున్నాయో. మా కారు ఒకసారి టక్ టక్ మని కొట్టుకుని ఆగిపోయింది. ఒక సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే బానెట్ పూర్తిగా ఎత్తకముందే "మూడేండ్లయింది కదా సార్, మార్చేస్తే ఒక పనైపోతాది" అన్నారు. నేను మీటర్ తీసి చూపించాను. 12.5. అప్పుడు ఒక పిన్ను మైనస్ బొడిపె మీద, రెండోది దాన్ని పట్టుకున్న క్లాంపు మీద పెట్టి స్టార్ట్ చేయించాను. రెండూ ఒకదానికొకటి తగులుకునే ఉన్నాయి కాబట్టి మధ్యలో సున్నాకు దగ్గరగా రావాలి. అక్కడ రెండు వోల్టులకు పైగా కనబడింది. క్లాంపు వదులై, లోపలివైపు బూడిదరంగు పొర కట్టింది. బ్యాటరీలో ఉన్న బలమంతా ఆ పొర దగ్గరే ఆగిపోతోంది. పదో నంబరు స్పానరుతో విప్పి, గీకి, బిగిస్తే బండి మామూలుగా లేచింది. దానికి వాళ్లు నాలుగున్నర వేల బిల్లు వేయబోయారు.

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి కనబడితే వేడినీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే బుసబుసమని పొంగి పోతుంది. తుడిచి ఆరబెట్టి పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే స్పానరు పొరపాటున బాడీకి తగిలిందంటే నిప్పులు రేగుతాయి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు కాబట్టి అది ఆటలు కాదు. పక్క బండి నుంచి కేబుళ్లు వేసేటప్పుడు కూడా ఇందుకే చివరి నల్ల క్లిప్పును చచ్చిన బ్యాటరీ మైనస్‌కు కాకుండా ఆ బండి ఇంజిన్ ఇనుముకు తగిలించమంటారు.

నీళ్లు పోసే రకం బ్యాటరీలు కార్లలో తగ్గాయి కానీ ఇంకా ఉన్నాయి. పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. మన బోరు నీళ్లు ఎంత గట్టివో బకెట్లకు కట్టే తెల్లటి పొర చూస్తేనే తెలుస్తుంది. ఆర్వో నీళ్లలోనూ లవణాలు కొంత మిగులుతాయి. ఏసీ నుంచి కారే నీళ్లు సీసాకు పట్టుకుని పోసేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఆవిరి చల్లారి వచ్చినవే అయినా కాయిల్ మీద దుమ్మూ లోహపు రజనూ కడుక్కుని వస్తాయవి. లీటరు డిస్టిల్డ్ వాటర్ దొరికే ధరకు ఈ పొదుపు దేనికో నాకు అర్థం కాదు. యాసిడ్ మాత్రం పోయనివ్వకండి. ఆవిరయ్యేది నీళ్లే, యాసిడ్ కాదు.

నీళ్లు పోయక్కర్లేని మెయింటెనెన్స్ ఫ్రీ రకాల్లో కొన్నింటికి పైన ఒక కన్ను ఉంటుంది, పచ్చగా ఉంటే బాగున్నట్టు అంటారు. నాన్న నమ్మకమంతా దాని మీదే. అది ఆరు సెల్లుల్లో ఒక్కదాన్నే చూస్తుంది. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలు గానీ బ్యాటరీకి ఆ లెక్క నడవదు. మిగతా అయిదింట్లో ఒకటి పోయినా బండి లేవదు, కన్ను మాత్రం పచ్చగానే నవ్వుతూ ఉంటుంది.

నాన్న ఇంకో వాదన తెస్తారు. వాళ్ల కాలంలో అంబాసిడర్‌కు ముందు హ్యాండిల్ పెట్టి తిప్పేవాళ్లమని, బ్యాటరీ లేకపోయినా బండి ఆగలేదని. నిజమే. కానీ ఈనాటి కారుకు ఆ దారి మూసేశారు. గేర్లున్న బండిని తోసి స్టార్ట్ చేయొచ్చు, అదీ ఇంజిన్ కంప్యూటర్‌కూ పెట్రోలు పంపుకూ సరిపడా వోల్టేజీ మిగిలి ఉంటేనే. ఆటోమేటిక్ బండిని తోసి ప్రయోజనం లేదు.

మేనమామ వాదనలో కొంత పస ఉందని ఒప్పుకోవాలి. "ఒరే, మన ఎండలకు మూడేండ్లు దాటినాక ఏ బ్యాటరీనీ నమ్మేదానికి లేదురా" అంటాడు. ఎండ సంగతి నిజం. వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యలు సుమారు రెట్టింపు వేగంతో జరుగుతాయి. పలకల తుప్పు కూడా అంతే. మేలో బయటే 40 దాటే ఊళ్లో ట్రాఫిక్‌లో ఆగిన బండి బానెట్ కింద ఎంత ఉంటుందో చేయి పెట్టి చూడనక్కర్లేదు. చల్లటి ఊళ్లలో వచ్చినన్నాళ్లు ఇక్కడ రాదు. తమాషా ఏమిటంటే వేడిలో బలహీనమైన బ్యాటరీ కూడా బాగానే స్టార్ట్ చేస్తుంది, ఇంజిన్ ఆయిల్ పలచగా ఉంటుంది, రసాయనం చురుగ్గా ఉంటుంది. మేలో తిన్న దెబ్బ ధనుర్మాసం చలిలో బయటపడుతుంది. అందుకే నేను దసరాకు ఆయుధపూజ రోజున బండి కడిగేటప్పుడు తప్పకుండా కొలుస్తాను. నిమ్మకాయలు తొక్కించే ముందు ఆ పని చేస్తే సరి. కొన్ని కార్లలో బ్యాటరీ చుట్టూ ఒక తొడుగు వస్తుంది. అది వేడి తగలకుండా పెట్టినది. మెకానిక్ అడ్డంగా ఉందని తీసి పారేస్తే మళ్లీ పెట్టించండి.

కానీ "మూడేండ్లు" అన్నది ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు వారంటీ కార్డు మీది నుంచి. 18+18 నెలలు, 30+30 నెలలు అని రాసి ఉంటుంది. మొదటి భాగంలో పోతే ఊరికే మార్చిస్తారు. రెండో భాగంలో కొత్తదాని మీద కొంత తగ్గింపు ఇస్తారు, అంతే. ఆ తగ్గింపును మామూలుగా ఎమ్మార్పీ మీద లెక్క కడతారు. పాతది తీసుకుని కొత్తది ఇచ్చే షాపు ధర ఎమ్మార్పీ కన్నా ఎటూ తక్కువే కాబట్టి, రెండూ పక్కపక్కన పెడితే కొన్నిసార్లు మిగిలేదేమీ ఉండదు. అది కంపెనీ తన లెక్కలు చూసుకుని ఇచ్చే హామీ, బ్యాటరీ జాతకం కాదు. నాలుగేళ్లు దాటినా టెస్టరు పెడితే బాగున్నవి ఉన్నాయి, రెండేళ్లకే ఆకలితో చచ్చినవీ ఉన్నాయి.

కొనేటప్పుడు కూడా చూడాల్సింది అంకెలే. కరకంబాడి మన పక్కనే. గల్లా రామచంద్ర నాయుడు 1985లో మొదలుపెట్టిన అమర రాజా అక్కడి నుంచే పెద్దదై, 2000లో అమరాన్ పేరుతో కారు బ్యాటరీలు తెచ్చింది. చిత్తూరు దగ్గర కూడా ప్లాంటు ఉంది. అందువల్ల మన ఊళ్లో కొంటే ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిన తాజా సరుకే అని చాలామంది ధీమా. ఏ కంపెనీదైనా సరే, ఎక్కడ తయారైందన్నది కాదు, షాపులో ఎన్నాళ్లు కూర్చుందన్నది ముఖ్యం. అరలో ఉన్నా బ్యాటరీ తనంతట తాను తగ్గుతుంది, వేడిలో ఇంకా తొందరగా. ఒక షాపులో కుర్రాడు "కాణిపాకంలో ప్రమాణం చేయమన్నా చేస్తాను సామీ, పోయిన వారం వచ్చిన స్టాకు" అన్నాడు. వినాయకుణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకని మీటర్ పెట్టాను. 12.3. పైన కొట్టిన తయారీ తేదీ చూస్తే చాలా నెలల కిందటిది. కుర్రాడు మారు మాట్లాడకుండా లోపలికి పోయి 12.7 ఉన్నది తెచ్చాడు. ఒట్టు మాత్రం వేయలేదు.

పాతదాని మీది కోడ్ కూడా రాసుకెళ్లండి. 38బి20ఎల్ అని ఉంటే చివరి అక్షరం టెర్మినళ్లు ఏ వైపున ఉన్నాయో చెబుతుంది. అది తప్పితే వైరు అందదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆగి లేచే కార్లకు పదే పదే స్టార్ట్ చేయడాన్ని తట్టుకునేలా చేసిన ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకమే వేయాలి. వెయ్యి రూపాయలు మిగుల్తాయని మామూలుది వేస్తే అది ఆ రోజువారీ తాకిడికి నిలవదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ బ్యాటరీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కాబట్టి పాత రేటు పట్టుకుని బేరం చేయకండి. పాత బ్యాటరీని వీధిలో వచ్చే సామాన్ల బండికి వందో రెండొందలో ఎక్కువొస్తాయని ఇవ్వకండి. వాటిలో కొన్ని ఎక్కడికి పోతాయో, యాసిడ్ ఏ కాలువలో పోస్తారో, సీసం ఏ పెరట్లో కరిగిస్తారో మనకు తెలియదు. పిల్లల మెదడుకు సీసం చేసే చెరుపు మామూలుది కాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. షాపువాడికే ఇచ్చి బిల్లులో తగ్గించుకోండి.

మేనమామ విషయంలో మాత్రం నేను మెత్తబడ్డాను. అత్తకు వైద్యం వేలూరులో. రాత్రి ఏ వేళలోనైనా చిత్తూరు నుంచి బయల్దేరాల్సి రావచ్చు. అలాంటి ఇంట్లో బ్యాటరీ పూర్తిగా అరిగేదాకా వాడి మిగుల్చుకునే వెయ్యి రూపాయలకు విలువ లేదు. ఆయన ముందుగానే మార్చేయడం సబబే. కాకపోతే మార్చిన కొత్తది కూడా ఆకలితో ఉండొచ్చు కదా మామా, నెలకోసారి కొలవమని మాత్రం చెప్పాను. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టుకునే చిన్న వోల్టు మీటరు ఒకటి కొనిచ్చాను. మల్టీమీటరంత కచ్చితంగా ఉండదు గానీ బానెట్ ఎత్తే పని తప్పుతుంది.

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు ఇదంతా మనకు వర్తించదనుకుంటున్నారు. వాటిలో కూడా తాళాలు, లైట్లు, కంప్యూటర్లు నడిపేందుకు చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది పోతే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా బండి మేలుకోదు. మా పక్కింటివాళ్ల కారు అలాగే ఆగింది, తెర మీద ఒక్క లైటు లేదు. కొండకు బయల్దేరిన చుట్టాలు చివరకు టాక్సీ మాట్లాడుకున్నారు. సర్వీసు బుక్కు తెరిచి చూస్తే 12 వోల్టుల బ్యాటరీకి ఒక పేజీ మొత్తం ఉంది. ఎన్ని రోజులు కదపకుండా ఉంచొచ్చో, ఎలా చూసుకోవాలో అంతా రాశారు. బండి అప్పగించిన రోజు గంటసేపు టచ్‌స్క్రీన్ గురించి చెప్పిన కుర్రాడు ఆ పేజీ సంగతి ఎత్తనే లేదట.